పోచేందర్ వంతు మట్టి

పోచేందర్‌కి కాలు వంచాలంటే ప్రాణం పోయినంత పని. కుస్తీలో మోకాలి లోపలి గుజ్జు చిరిగితే డాక్టర్ కుట్లేసి అతికించాడు. అతుకు పట్టింది, ఇక రోజూ కొంచెం కొంచెం వంచమన్నాడు. వంచకపోతే కాలు కొయ్యబారిపోతుందని కూడా చెప్పాడు. వింటేగా! వంచబోతే చాలు, లోపల కుట్లన్నీ పటపటా తెగుతున్నట్టే ఉండేది వాడికి. ఒళ్లంతా చెమటలు పట్టేవి. ఏదో వంక చెప్పి ఆసుపత్రికి వెళ్లడం కూడా మానేశాడు.

ఒక పొద్దున కర్ర పొడుచుకుంటూ తాను కుస్తీ నేర్చుకున్న తాలీంకి వచ్చాడు. హుస్సేన్ ఉస్తాద్ గోదా గట్టు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కొమ్ములు తిరిగిన పహిల్వాన్లను తయారుచేసిన మనిషే గానీ, మాటల దగ్గర మహా పిసినారి. ఆయన దగ్గర పోచేందర్ ఏమీ దాచుకోలేదు.

"భయమైతాంది ఉస్తాద్. మళ్ల చిరిగితే నా కుస్తీ ఖతమే గదా."

ఉస్తాద్ వాడి కాలు వైపు చూడనైనా లేదు. గోదా వైపు చెయ్యి చూపించాడు.

ఆ తాలీంలో ఎవరి వంతు మట్టి వాళ్లే రోజూ తవ్వి మెత్తబరచాలి. ఇంకొకరి వంతులో పార వెయ్యరు. గోదా అంతా మెత్తగా ఉండి, నూనె, పసుపు కలిసిన వాసనేస్తోంది. మూలనున్న పోచేందర్ వంతు మాత్రం బిగుసుకుపోయి నెర్రెలిచ్చింది.

"నువ్వు పోయినకాన్నుంచి ఎవ్వరు ముట్టలే," అన్నాడు ఉస్తాద్. "భద్రంగనే ఉంది. దాని మీద పడతవా?"

పోచేందర్ ఆ నెర్రెల వైపు చూశాడు. అక్కడ పడితే ఎముక మిగలదు. సిగ్గేసింది. కర్ర పక్కన పడేసి, పార అందుకుని పైకెత్తాడు. ఉస్తాద్ పిడి పట్టుకుని ఆపాడు.

చెంబుతో నీళ్లు తెచ్చి ఆ మూలన మెల్లగా చల్లాడు. అవి ఇంకేదాకా కూర్చుని చాయ్ పూర్తిచేశాడు. తర్వాత బొటనవేలితో మట్టిని నొక్కితే గోరంత దిగింది. చాలన్నట్టు తలాడించి లేచాడు.

పోచేందర్ గట్టు మీద కూర్చున్నాడు. భయం ఎక్కడికీ పోలేదు. తొడ గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మడమను వెనక్కి లాగాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మడమ బెత్తెడు వెనక్కి వచ్చింది. లోపల ఏదీ తెగలేదు.

ఇంకా లాగబోతుంటే ఉస్తాద్ ఖాళీ చెంబు తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

"రేపటి నీళ్లు నువ్వే తెచ్చుకో, బిడ్డా."