గానుగింట్లో కళ్ళజోడు

మా ఊళ్ళో గానుగింటి వాళ్ళకి తెలివెక్కువ. ఈ మాట ఊళ్ళో ఇంకెవరూ అనరు, వాళ్ళే అంటారు. పొద్దున్నే ఎద్దుని గానుగకి కట్టేముందు ఒకసారి, సాయంత్రం విప్పాక ఒకసారి, "మన తెలివి మనం కాబట్టి మోస్తన్నాం గానీ, ఇంకోలైతే మెడ నొప్పొచ్చి పడుకుందురు" అని ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటారు. కిందటి వానాకాలం వాళ్ళ ఇల్లు కారింది. కారిన చోట గిన్నె పెట్టారు. గిన్నె తడిసిపోతోందని దాని మీద గొడుగు పెట్టారు. అంత తెలివి.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. ఇంటికి పెద్ద వరహాలమ్మ, ఎనభై దాటింది. ఆమె పెద్దకొడుకు పైడయ్య, పైడయ్య భార్య సూరీడమ్మ, చిన్నకొడుకు తవుడు. తవుడికి పెళ్ళి కాలేదు. ఆ రోజుల్లో "వెళ్ళి పిల్లని చూసి రారా" అంటే గుమ్మంలోంచి చూసి, అటునుంచి అటే వచ్చేశాడు. వాళ్ళు కాఫీ కలుపుతూనే ఉన్నారు.

వరహాలమ్మ ముక్కు చాలా గట్టి ముక్కు. మధ్యలో ఎత్తుగా లేచి, కొన దగ్గర కిందకి వంగి ఉంటుంది. ఆమె తల్లిదీ అదే ముక్కు, ఆ తల్లి తల్లిదీ అదేనట. తీరా ఈమె కడుపున పుట్టిన ఇద్దరికీ రాలేదు. పైడయ్య కొడుకు, వేరే ఊళ్ళో పని చేసే మనవడికీ రాలేదు. "ఈ ముక్కు నాతోనే పోద్ది గావాల" అని ముసలమ్మకి లోపల పెద్ద దిగులు. అలాంటిది మనవడి పెళ్ళాం కుమారి పుట్టింట్లో ఆడపిల్లని కంది. మనవడు ఫోన్ చేసి, "మామ్మా, ముక్కు అచ్చం నీదే" అన్నాడు. ఇంకేముంది, ముసలమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"మూడో నెల్లో పిల్లని తెస్తారు గదా. ఆ ముక్కు నాను సూడాల. ఒకలు సెప్తే నమ్మను, నాకు నానే సూడాల" అంది.

కానీ చూడ్డానికి చూపేదీ? ఎదురుగా ఉన్నది మనిషో గుంజో ఆమెకి తెలియడం లేదు. మొన్ననే గుంజని పట్టుకుని "బువ్వ తిన్నావేట్రా నాయనా" అని అడిగింది. గుంజ పలకలేదని పూటంతా అలిగింది. అందుకని కొడుకులిద్దరూ ఆమెని పట్నం తీసుకెళ్ళి కళ్ళు చూపించి, కళ్ళజోడు చేయించారు.

కొట్టులో కళ్ళజోడు పెట్టగానే వరహాలమ్మ అటూ ఇటూ చూసింది. గోడ మీద చీమ కనపడింది. చీమ నోట్లో పంచదార పలుకు కూడా కనపడింది. తర్వాత పైడయ్య ముఖం వైపు తిరిగి, చాలాసేపు చూసి, "నీకింత వయసెప్పుడొచ్చేసిందిరా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాటకి పైడయ్యకీ ఏడుపొచ్చింది. అన్న ఏడుస్తున్నాడు కదా అని తవుడూ ఏడ్చాడు.

కొట్టతను మంచివాడు. గానుగ నూనెతో మెరుస్తున్న వాళ్ళ చేతుల్ని చూసి ఐదు మాటలు చెప్పాడు.

"అద్దాలకి ఎవరి వేలూ తగలనివ్వకండి. పొడిగా తుడవకండి, ముందు నీళ్ళతో కడిగి, ఒక చుక్క సబ్బు నీళ్ళు రెండు వైపులా రాసి, మళ్ళీ కడగండి. కొంగుతో తుడవకండి, ఇంట్లో ఉన్నవాటిలో బాగా మెత్తటి నూలుగుడ్డతో అద్దండి. వాడనప్పుడు గుడ్డ చుట్టి డబ్బాలో పెట్టండి. చూపు మసగ్గా ఉందంటే ఎక్కడో మరకుందన్నమాట, వెంటనే కడిగెయ్యండి. అంతే."

"అంతేనా?" అన్నాడు పైడయ్య కొంచెం చులకనగా. అని, మాటకొక ముడి చొప్పున కండువాకి ఐదు ముళ్ళు వేసుకున్నాడు.

ఇంటికొచ్చారు. డబ్బాని పీట మీద పెట్టి చుట్టూ కూర్చున్నారు. పైడయ్య మొదటి ముడి పట్టుకుని, "ఎవలి వేలూ తగలకూడదు" అన్నాడు. ఇంకేముంది, నలుగురూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. డబ్బా అలాగే ఉంది. కాసేపు డబ్బా వంక చూశారు.

"మరి తీసీదెలగ?" అన్నాడు తవుడు.

"వేలుతో గదా తియ్యొద్దన్నాడు" అంటూ సూరీడమ్మ పొయ్యి దగ్గరకెళ్ళి పట్టకారు తెచ్చింది. అప్పుడే పప్పు గిన్నె దించిన పట్టకారు. దానితో కళ్ళజోడు పట్టుకుని అత్తగారి ముఖానికి తగిలించబోయింది. ఒక చెవి కాలింది. "సచ్చేను బాబోయ్!" అని వరహాలమ్మ కేక. అద్దాల మీద మసి.

"ఎలగుందమ్మా?" అన్నాడు పైడయ్య.

"సీకటిగా ఉందిరా. అప్పుడే పొద్దుగూకిందా?"

పట్టపగలు రెండు గంటలు. పైడయ్య రెండో ముడి తడిమి, "పొడిగా తుడవకూడదు" అని గుర్తు చేశాడు. తుడిచేది తవుడు. కాబట్టి తవుడు పొడిగా ఉండకూడదు. అంతే, తవుడు పరుగెత్తి నూతి దగ్గర చొక్కాతో సహా నాలుగు బాల్చీలు కుమ్మరించుకుని కారుతూ వచ్చి నిలబడ్డాడు. అలా నిలబడితే మసి పోలేదు. ఇల్లు మాత్రం బురదైంది.

సూరీడమ్మకి విసుగొచ్చింది. ఆడవాళ్ళకి విసుగొస్తే చెయ్యి కొంగు మీదకి పోతుంది కదా. పోయింది. పైడయ్య గట్టిగా అరిచాడు.

"ఒసే! కొంగు వద్దన్నాడు!"

"నాను కావాలని తియ్యలేదయ్యా, సెయ్యి దానంతటదే పోయింది. కొంగున్నన్నాలు ఈ సెయ్యి ఊరుకోదు."

"ఐతే కొంగు లేకుండా సేసెయ్యి" అన్నాడు తవుడు కారుతూనే.

ఇందులో తెలివుందని ముగ్గురికీ తోచింది. కత్తెర తెచ్చి సూరీడమ్మ చీర కొంగు మూరెడు కోసి అవతల పడేశారు. తీరా చూస్తే, కోసిన చోట ఇంకో కొంగుంది! దాన్నీ కోశారు. దాని వెనక ఇంకోటి! "ఈ సీరలో ఎన్ని కొంగులు పెట్టాడే ఆ నేతగాడు!" అని పైడయ్య ఆశ్చర్యపోయాడు. ఎన్నిసార్లు కోసినా చివర ఒక కొంగు మిగులుతూనే ఉంది. ఆఖరికి చీర నడుముకి ఒక చుట్టు వచ్చేంత అయ్యాక సూరీడమ్మ తువ్వాలు కప్పుకుని లోపలికి పారిపోయి, "నా పెట్టెలో సీరల జోలికొస్తే నా పుట్టింటికి పోతాను" అని తలుపు చాటునుంచి చెప్పింది. అక్కడితో ఆపారు.

ఇక మెత్తటి నూలుగుడ్డ. ఇంట్లోని గుడ్డలన్నీ బుగ్గకి రాసుకుని చూశారు. తువ్వాలు గరుకు. దుప్పటి గరుకు. అన్నిటికన్నా మెత్తగా ఉన్నది గానుగెద్దు కళ్ళకి కట్టే గంతగుడ్డ. పన్నెండేళ్ళుగా నూనె తాగి తాగి వెన్నలా ఉంది. అంతే, ఎద్దు కళ్ళ మీంచి గుడ్డ విప్పారు.

ఆ ఎద్దు పన్నెండేళ్ళుగా రోజూ ఏదో దూరపు ఊరు వెళ్తున్నాననుకుంటూ నడిచింది. ఇప్పుడు కళ్ళు తెరిచి చూస్తే అదే పాక, అదే గానుగ, అదే పైడయ్య. పాపం, దానికి చాలా బాధనిపించినట్టుంది. అక్కడే మోకాళ్ళు మడిచి కూర్చుంది. ఇప్పటికీ అది ఆ ఇంట్లోవాళ్ళని అనుమానంగానే చూస్తుంది.

ఆ గుడ్డతో అద్దితే మసికి నూనె తోడైంది. వరహాలమ్మకి కళ్ళజోడు పెట్టారు.

"ఇప్పుడెలగుందమ్మా?"

"వానొస్తందిరా. ఎవడో తడిసిపోయాడు."

తవుడు తడిసిన మాట నిజమే కాబట్టి కొంత మెరుగైందని సంతోషించారు. కానీ మసకుంది. మసకుంటే మరకుంది, మరకుంటే కడగాలి. ఎల్లుండికి పిల్ల వచ్చేస్తుంది! తవుడు కళ్ళజోడుని నీళ్ళ గోలెంలో ముంచి, కొబ్బరిపీచు తీసుకుని, చింతపండూ బూడిదా పట్టించి, ఇత్తడి బిందె తోమినట్టు తోమాడు. ఆ రోజు తోమాడు, మర్నాడు తోమాడు. రెండో రోజు సాయంత్రానికి చట్రానికున్న మరలు వదులై రెండద్దాలూ గోలెం అడుక్కి జారిపోయాయి. మురికినీళ్ళు కదా అని గోలెం ఎత్తి ఆనపపాదులో కుమ్మరించేశారు. ఆ పాదు మొదట్లో తిరిగే చీమలు ఇవాళ్టికీ బొద్దింకలంత కనిపిస్తాయి.

తవుడు కళ్ళజోడుని వెలుతురుకి పట్టి చూశాడు. ఒళ్ళు పులకరించింది.

"అన్నియ్యా! వదినా! రండి! మరకన్నది లేదు! అసలు అద్దం ఉన్నట్టే లేదు!"

నిజమే, లేదు. పైడయ్య ధైర్యం చేసి ఒక్క వేలు ముట్టించాడు. వేలు ఇటునుంచి అటెళ్ళింది. అద్దం మీద నూనె మరక పడలేదు. "సూశారా? నూని వేలెట్టినా మరక పడదు! కడగడమంటే ఇదీ!" అని తమ్ముడి వీపు చరిచాడు. సూరీడమ్మ మరిదికి ఆ పూట రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మకి తలంటుపోసి, ఉతికిన చీర కట్టి, కళ్ళజోడు పెట్టి, వీధి గదిలో మంచం మీద కూర్చోబెట్టారు. ముసలమ్మ అటూ ఇటూ చూసింది. "ఒరే పైడయ్యా, నీ మొకం మసగ్గానే ఉందిరా" అంది భయంభయంగా.

పైడయ్య ఐదో ముడి పట్టుకుని ఆలోచించాడు. మసగ్గా ఉంటే ఎక్కడో మరకుంది. కళ్ళజోడు మీద లేదు, అది ఇంటిల్లిపాదీ చూశారు. అయితే మరెక్కడుంది?

"నా మొకం మీదుందే!" అన్నాడు.

ఇంకేముంది! పైడయ్య ముఖం కడిగారు, ఒక చుక్క సబ్బు, రెండు వైపులా. గుంజ మసగ్గా ఉందంటే గుంజ కడిగారు. గోడ, గడప, గానుగ, కోడి. కూర్చున్న ఎద్దునీ కడిగారు. మాది పక్కిల్లే, కోడిని కడుగుతుంటే కిటికీలోంచి నేనే కళ్ళారా చూశాను, దానికి రెండు వైపులంటే ఏవని పావుగంట వాదించుకున్నారు.

అదే సమయానికి కుమారి చంటిపిల్లని ఎత్తుకుని ఆటో దిగింది. గడప మీద జారబోయి నిలదొక్కుకుంది. ఇల్లంతా నురగ. అత్తగారు తువ్వాలు మీద తువ్వాలు కట్టుకుని ఉంది, పెట్టెలో చీరలు పైకి తీస్తే కోసేస్తారని. మామగారు, చినమామగారు సబ్బు నీళ్ళ చెంబుతో ఎదురొచ్చి పిల్ల ముఖం వైపు చెయ్యి చాపారు.

కుమారి పిల్లని గుండెకి హత్తుకుంది. "ముట్టుకున్నారంటే ఇదే ఆటోలో మా ఊరెళ్ళిపోతాను! ఏటి మామా ఇది?"

"పిల్ల మొకం మసగ్గా ఉందమ్మా, మీ మామ్మకి కనపట్టం లేదు" అన్నాడు పైడయ్య.

కుమారి మంచం వైపు చూసింది. "అయ్యో, ఆ కళ్ళజోట్లో అద్దాలేవి?"

"అంత శుభ్రంగా కడిగాం మరి" అన్నాడు తవుడు సిగ్గుపడుతూ.

కుమారి మళ్ళీ ఏదో అనబోయింది. ఈలోగా మంచం మీంచి వరహాలమ్మ రెండు చేతులూ చాపి, "నా కాడికి తేవే తల్లీ. కనపడినంతే సూస్తాను" అంది. ఆ గొంతు విని కుమారి మనసు కరిగిపోయింది. వెళ్ళి మంచం మీద కూర్చుని, పిల్లని ముసలమ్మ ముఖానికి దగ్గరగా పట్టుకుంది. ముసలమ్మకి ఎర్రగా ఒక ముద్ద కనపడింది. ముక్కు కనపడలేదు.

పిల్ల మాత్రం మామ్మని బాగానే చూసింది. చూసి, చట్రంలోంచి బుల్లి వేలు దూర్చి కంట్లో పొడిచింది.

"వేలు తగిలిపోయింది!" అని పైడయ్య కేక పెట్టాడు. ఇంకేముంది, చెంబందుకుని ఒక చుక్క సబ్బు ఈ కంట్లో, ఒక చుక్క ఆ కంట్లో. వరహాలమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచి, రెండు కళ్ళూ గట్టిగా మూసేసుకుంది. కుమారి ఒక చేత్తో పిల్లని పట్టుకుని, ఇంకో చేత్తో మంచినీళ్ళతో కళ్ళు కడుగుతూ, అత్తింటివాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టింది.

కళ్ళు మూసుకునే, ఏడుస్తూనే, ముసలమ్మ పిల్ల కోసం తడుముకుంది. చెయ్యి పిల్ల నుదురుకి తగిలింది. అక్కణ్ణించి రెండు వేళ్ళూ కిందకి జారాయి. మధ్యలో చిన్న ఎత్తు. ఇంకా కిందకి పోయాయి. కొన దగ్గర వంపు. వరహాలమ్మ ఏడుపు ఆగిపోయింది. అదే చేత్తో తన ముక్కు తడుముకుంది. మళ్ళీ పిల్లది తడిమింది.

"ఉందిరా" అంది. "ఒరే, ఉందిరా! మా అమ్మ ముక్కేరా ఇది!"

అన్నదమ్ములిద్దరూ నూనెచేతులతోనే కళ్ళు తుడుచుకున్నారు. కుమారి తిట్టడం మానేసింది. నాకూ, కిటికీలోంచి చూస్తున్నాను కదా, కళ్ళు చెమర్చాయి. మామ్మ సుఖంగా నవ్వుకుంటూ వెనక్కి వాలింది.

పైడయ్య మాత్రం కండువా నాలుగో ముడి పట్టుకుని ఆలోచిస్తున్నాడు.

"ఒరే తవుడూ, అమ్మ ఇప్పుడు దేంతో సూసింది?"

"వేళ్ళతో."

"అయితే మనం ఆ కొట్టోడి మాట తప్పుతున్నాం గదరా!" అని గబగబా లేచాడు.

నేను మర్నాడు పిల్లని చూడ్డానికి వెళ్ళేసరికి వరహాలమ్మ మంచం మీద ఉంది, కుమారి ఆమెకి అన్నం కలిపి తినిపిస్తోంది. "చేతికేమైందమ్మా?" అని అడిగాను. ముసలమ్మ కుడిచేతి రెండు వేళ్ళకీ ఎద్దు గంతగుడ్డ మెత్తగా చుట్టి, కళ్ళజోడు డబ్బాలో పెట్టి, మూత మీద దారంతో కట్టేసి ఉంది. పైడయ్య వేలు నోటి మీద పెట్టుకుని నన్ను పక్కకి లాగాడు.

"ముట్టుకోకు బాబూ, మరక పడిపోద్ది. పిల్ల నిద్దర లేచాక ఇప్పుతాం."