కనుమ ఎక్కిన రీలు పెట్టె

అనగనగా ఒక కొండ. కొండకి ఇటు ఎర్రమెట్ట, అటు బొమ్మలదిన్నె. రెండు ఊళ్ళ నడుమ కనుమ దారి, మెలికలు మెలికలుగా, బాగా ఎత్తు. రెండు ఊళ్ళలోనూ రేకుల సినిమా హాళ్ళుండేవి తల్లీ. రెండిటికీ ఓనరు ఒక్కడే, వెంగళరెడ్డి అని.

హాళ్ళు రెండైనా కొత్త సినిమా మాత్రం ఒక్కటే వచ్చేది. సినిమా అంటే అప్పుడు ఇట్లా ఫోనులో ఉండేది కాదు మరి. పెద్ద చక్రాలకి చుట్టిన రీళ్ళు, ఇనప డబ్బాల్లో పెట్టి పంపేవాళ్ళు. అందుకని ఎర్రమెట్టలో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడేసిన రీళ్ళను ఒకాయన మోటారు సైకిలు మీద కనుమ దాటించి బొమ్మలదిన్నెకి చేర్చేవాడు. బొమ్మలదిన్నెలో ఒక రీలు అయిపోయేలోగా ఇంకోటి అందాలి. అందకపోతే తెర తెల్లబోతుంది.

ఆయన పేరు దస్తగిరి. సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. ఊరందరికీ సినిమా తెచ్చిపెట్టేవాడు గానీ, తను ఒక్కటీ మొదట్నించి చివరిదాకా చూసెరగడు. పాటలో సగం, ఏడుపులో సగం చూసి మళ్ళీ బండెక్కేవాడు. మిగతా కథంతా ఇంట్లో అన్నం పెడుతూ భార్య మాబీ చెప్పేది. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని వినేవాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కనుమ కింద వంక పొంగింది. దస్తగిరి రీలు పెట్టె తల మీద పెట్టుకుని దాటించాడు. ఆ తర్వాత వెనక్కి వెళ్ళి, ఇద్దరు గొర్రెల కాపర్ల సాయంతో బండిని నీళ్ళలోనే నెట్టుకొచ్చాడు. పెట్టె తడవలేదు. బండి మాత్రం ఇంజను దాకా మునిగింది.

ఆరబెడితే బండి కిక్కు కొట్టగానే పలికింది. ఊళ్ళో చక్కగా తిరిగింది. కానీ కనుమ మొదలయ్యేసరికి ఆయాసపడింది. ఎంత యాక్సిలేటరు తిప్పినా జోరందుకోదు. ఇంజను పొయ్యిలా కాగిపోతోంది.

అప్పుడు మొదటిసారి రీలు ఆలస్యమైంది. బొమ్మలదిన్నెలో జనం ఈలలు వేశారు. రెండోసారి ఆలస్యమైనప్పుడు బెంచీలు బాదారు. మూడోసారి సగం మంది లేచి ఇళ్ళకి పోయారు. దస్తగిరి పెట్టె దించేసరికి హాలు బోసిగా ఉంది. రీళ్ళు ఆడించే ఆపరేటరు ఖాళీ బెంచీల వైపు ఒకసారి చూసి పెట్టె అందుకున్నాడు. దానికే దస్తగిరికి ఎక్కువ బాధేసింది.

ఆ తర్వాత వెంగళరెడ్డి పిలిపించాడు. మంచివాడే, గట్టిగా అరిచే మనిషి కాదు. ఈ ఆదివారం మాట్నీకి కొత్త బొమ్మ పడుతోందనీ, ఊళ్ళన్నీ కదిలి వస్తాయనీ చెప్పాడు. "ఆరోజు కూడా తెర తెల్లబోతే బొమ్మలదిన్నె హాలు ఎత్తేస్తా దస్తగిరీ. నాకూ మనసొప్పదు, కానీ ఏం చెయ్యను?" అన్నాడు.

ఇంటికొచ్చి దస్తగిరి అన్నం తినలేదు. బండిని నీళ్ళలోకి దింపింది నేనే కదా అని కుమిలిపోయాడు. అప్పుడు మాబీ, కూర్చుంటే బండి బాగవుతుందా, పద జోజప్ప మామ దగ్గరికి పోదాం అని లేవదీసింది.

జోజప్ప ఊరి చివర మెకానిక్కు. పెద్దాయన. పాత బండ్లంటే ఆయనకి ప్రాణం. వాటిలో నిప్పురవ్వ పడేదానికి ప్లాటినం పాయింట్లుండేవి, గోటితో సరిచేసేవాడు. ఈ బండిలో పాయింట్లు లేవు. బదులుగా ఒక నల్ల డబ్బా ఉంది, దానికి మూతా లేదు, మరా లేదు. ఇంజనుతో పాటు ఒక చిన్న ఇనప మొగ్గ తిరుగుతుంది. అది తీగచుట్ట ముందుకి వచ్చినప్పుడల్లా డబ్బాకి కబురందుతుంది, డబ్బా ప్లగ్గులో రవ్వ పుట్టిస్తుంది. దీన్నెట్లా తెరిచేది అని జోజప్ప చాలాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాడు.

మొదట ప్లగ్గు మార్చి, కార్బురేటరు కడిగాడు. కనుమ మొదటి మలుపులోనే బండి మళ్ళీ ఆయాసపడింది.

అప్పుడు జోజప్పకి ఒక అనుమానం వచ్చింది. రవ్వ ఆలస్యంగా పడుతోందేమో అని, తీగచుట్ట ఉన్న పళ్ళేన్ని కొంచెం తిప్పి, రవ్వ ఎప్పుడూ ముందే పడేట్టు బిగించాడు. ఈసారి బండి పరిగెత్తింది. దస్తగిరి మొహం వెలిగిపోయింది. కానీ ఆపి మళ్ళీ కిక్కు కొట్టగానే, కిక్కు రాడ్డు వెనక్కి తన్ని పిక్క మీద ఫట్టున తగిలింది. పాపం, కుంటుకుంటూ వచ్చాడు.

"మామా, రవ్వ ముందు పడాలా, తర్వాత పడాలా? ఏదో ఒకటి చెప్పు," అన్నాడు.

జోజప్ప ఆయన్ని కూర్చోబెట్టి పిక్కకి నూనె రాస్తూ చెప్పాడు. లోపల పెట్రోలు ఆవిరి ఒక్కసారే భగ్గున కాలిపోదట. కాలడానికి కాస్త సమయం కావాలట. పిస్టను పైకొచ్చి కిందికి దిగేటప్పుడు మంట దాన్ని బలంగా తొయ్యాలి. అందుకని పైకి చేరేలోపే రవ్వ పడాలి. బండి నిదానంగా తిరిగితే కాస్త ముందు పడితే చాలు. మరీ ముందు పడితే మంట ఎదురు తన్నుతుంది, పిక్క వాచేది అందుకే. జోరుగా తిరిగేటప్పుడు మంట కాలే సమయం అంతే ఉంటుంది, పిస్టను మాత్రం ఆగదు. కాబట్టి అప్పుడు రవ్వ ఇంకా ముందు పడాలి.

మాబీ అంతా విని, "ఈయన పెందలాడే పోవాల్సిన రోజు నేను పొయ్యి ముందే ముట్టిస్తాను. అన్నం ఉడికే సేపు మారదు కదా మామా," అంది.

"అంతేనమ్మా," అన్నాడు జోజప్ప. "బండికి కూడా ఆ తెలివి లోపలే పెట్టుంటారు. అది ఎక్కడ నిద్రపోయిందో చూడాలి."

ఆ తర్వాత పళ్ళేన్ని మునుపటిలా బిగించి, ట్రంకు పెట్టెలోంచి ఒక లైటు తీశాడు. చిన్నప్పుడు పట్నం షెడ్డులో పనిచేసిన నాటిది. రవ్వ పడ్డప్పుడల్లా అది తటుక్కున వెలుగుతుంది. మాబీ గోనెపట్టా పట్టుకుని నీడ చేసింది. ఆ వెలుగులో, గిర్రున తిరిగే చక్రం మీది గీత నిలబడిపోయినట్టు కనిపించింది. దస్తగిరి వంగి చూశాడు. జోజప్ప జోరు పెంచాడు. ఇంకా పెంచాడు.

"గీత కదలట్లేదు మామా," అన్నాడు దస్తగిరి.

ఆ గీత కదలాలి మరి. జోరు పెరిగేకొద్దీ రవ్వ ముందుకి జరిగితే గీత కూడా జరగాలి. తప్పు నల్ల డబ్బాదైతే కొత్తది మద్రాసు నించి రావాలి. అది ఆదివారానికి అందే పని కాదు. జోజప్ప మెల్లగా ఇనప మొగ్గ ఊడదీశాడు. దాని వెనక రెండు చిన్న బరువులు, వాటికి సన్నటి స్ప్రింగులు. ఇంజను జోరుగా తిరిగితే ఆ బరువులు దూరంగా విచ్చుకుని, మొగ్గని కొంచెం ముందుకి తిప్పాలి. అప్పుడు కబురు ముందే అందుతుంది. నిదానిస్తే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగాలి. వంక నీళ్ళకి తుప్పు పట్టి, ఆ రెండూ కదలకుండా బిగుసుకుపోయాయి.

నల్ల డబ్బా తప్పేమీ లేదన్నమాట. కిరసనాయిల్లో నానబెట్టారు. ముగ్గురూ వంతులేసుకుని గుడ్డతో రుద్దారు. ఒక చుక్క నూనె వేసి బిగించారు. మళ్ళీ లైటు పట్టి జోరు పెంచితే గీత మెల్లగా పక్కకి జరిగింది. తగ్గిస్తే వచ్చి తన చోట కూర్చుంది. దస్తగిరి జోజప్ప చెయ్యి పట్టుకున్నాడు, మసి మసిగా ఉన్న చేతిని అట్లాగే.

ఆదివారం వచ్చింది. ఎడ్ల బళ్ళూ ట్రాక్టర్లూ కట్టుకుని జనం దిగారు. దస్తగిరి పెట్టె కట్టుకుని కనుమ ఎక్కాడు. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది, బండి ఎక్కడా ఆయాసపడలేదు. చిట్టచివరి మలుపులో ఇంకా జోరుందని తెలిసి, ఆయనకి ఆ ఎండలో ఒళ్ళు పులకరించింది.

బొమ్మలదిన్నె ఆపరేటరు చెయ్యి చాచి ఉన్నాడు. పెట్టె అందింది, రీలు ఎక్కింది. తెర తెల్లబోలేదు. లోపల ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే ఉన్నారు, పల్లీలు తినేవాళ్ళు తింటూనే ఉన్నారు. రీలొకటి కొండ దాటి వచ్చిందని ఎవరికీ తెలియనే తెలియదు.

దస్తగిరి తలుపు సందులోంచి చూశాడు. హాలు నిండా తలలే, అన్నీ తెర వైపే. ఆడవాళ్ళ బెంచీల్లో ఒక్క తల మాత్రం బండి చప్పుడు విని వెనక్కి తిరిగి ఉంది. మాబీ! ఆ చీకట్లో ఆయన కనిపించకపోయినా, నవ్వింది.

ఇప్పుడా హాలూ లేదు, ఆ రీళ్ళూ లేవు. కనుమ మాత్రం ఉంది, బస్సులు తిరుగుతున్నాయి.

రీలు చేరె హాలుకి,
కథ చేరె కంచికి,
మనం మన ఇంటికి,
కునుకు నీ కంటికి.