పేరు వేయని జాబితా

రొయ్యల మేత కంపెనీ యజమాని పెనుమత్స రంగరాజు గారికి కిరీటం లేదన్న మాటే గానీ, ఉన్నట్టుండి బుద్ధి పుట్టడంలో ఏ మహారాజుకీ తీసిపోరు. పోయినేడు బుద్ధి పుట్టి భీమవరం ఆఫీసు గోడలన్నిటికీ రొయ్య రంగు వేయించారు. ఈసారి పుట్టిన బుద్ధి మాత్రం సొంతం కాదు, అరువుది. అరువిచ్చినవాడు జనరల్ మేనేజరు వివేకవర్ధన్.

ఈయన బెంగుళూరు నుంచి వచ్చాడు. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు తనే చెబుతాడు.

"ఏం చదువుతాడో తెలిస్తే మనిషి తెలిసిపోతాడు సార్," అన్నాడు సోమవారం మీటింగులో. "మళ్లీ చూసుకోవడానికి కంప్యూటర్లో అందరూ బుక్‌మార్కులు పెట్టుకుంటారు కదా. ఎవరివి వాళ్ల పేరుతో మన ఇంట్రానెట్ మొదటి పేజీలో పెట్టేద్దాం. కంపెనీ అంతా చూస్తుంది. జ్ఞానం పంచినట్టూ ఉంటుంది, పనికిమాలినవాళ్లెవరో తేలినట్టూ ఉంటుంది."

రాజుగారికి ఆ ముక్క భలే నచ్చింది. "శుక్రవారం పెట్టించెయ్యండి," అన్నారు.

కంప్యూటర్ల పని చూసే మంగతాయారు వెనక కుర్చీలోంచి లేచింది. "అందరివీ అంటే అందరివీనా అండీ?"

"అందరివీనే! మళ్లీ అందులో మినహాయింపులేంటమ్మాయ్?" అన్నారు రాజుగారు.

మధ్యాహ్నానికల్లా జీఎం గారి నోటీసు వచ్చింది. ఎవరూ ఏదీ చెరపకూడదు, చెరిపినవాళ్లు దొంగల కింద లెక్క. తను మాత్రం ముందురోజు ఆదివారమే వచ్చి తన పాతవన్నీ ఊడ్చేసి, నలభై బరువైన పేజీలు పెట్టుకుని కూర్చున్నాడు. ప్రపంచ వాణిజ్యం, నాయకత్వం, ఇలాంటివి. వాటిలో ఒకటి జర్మన్ భాషలో ఉంది. మంగతాయారు అది చూసి పకపకా నవ్వుకుంది.

ఆ నవ్వు ల్యాబ్‌లో పనిచేసే రెహానా వచ్చేదాకానే.

"అక్కా, నావి కూడా వేసేస్తారా?"

"ఏమున్నాయేంటే నీవి?"

"డాక్టరమ్మ చెప్పిన తిండి, పిల్లల పేర్లు..." రెహానా గొంతు తగ్గించింది. "ఇంకా మూడో నెల దాటలేదక్కా. మా అత్తకి కూడా చెప్పలేదు. ఇదివరకు రెండుసార్లు చేజారిపోయింది. ఈసారైనా నలుగురి నోళ్లలో పడకూడదని నోరు కట్టేసుకుని ఉన్నాను." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

మంగతాయారుకి ఒళ్లు మండిపోయింది. కడుపులో బిడ్డ సంగతి కన్నతల్లి చెప్పకముందే కంపెనీ అంతా చాటింపు వేయడమేంటి?

"నువ్వెళ్లి అన్నం తిను. శుక్రవారం సంగతి నాకొదిలెయ్," అంది.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. ముందు వరుసలో రాజుగారు, పక్కన టై కట్టుకుని జీఎం గారు. మంగతాయారు పెద్ద తెర ముందు నిలబడింది.

"అందరివీ పేజీలోకి ఎక్కించే మీట నొక్కే ముందు నమూనా ఒకటి చూపిస్తానండి. పేరు వేయలేదు. మనిషిని చూడకుండా చదువునే చూసి జీఎం గారు తీర్పు చెబితే బావుంటుందని. వారంత చదువుకున్నవాళ్లు మనలో ఎవరున్నారండి?"

జీఎం గారు టై సర్దుకున్నాడు.

తెర మీద మొదటిది వెలిగింది: 'ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుంది?'

"ఛీ! ఆఫీసులో కోడిపందేలా!"

రెండోది: 'గురక తగ్గడానికి పది చిట్కాలు.'

"పాపం, ఆ ఇల్లాలు ఎప్పుడో పక్క గదిలోకి పారిపోయి ఉంటుంది!" హాలంతా నవ్వింది. రాజుగారు మాత్రం నవ్వలేదు.

మూడోది: 'బట్టతలకి ఉల్లిపాయ రసం పనిచేస్తుందా?'

"పైన జుట్టూ లేదు, లోపల గుజ్జూ లేదు!"

రాజుగారి చెయ్యి దానంతటదే తల మీదకి వెళ్లింది.

నాలుగోది: 'ఇంగ్లీషు దంచేవాళ్ల ముందు బెరుకు లేకుండా మాట్లాడటం ఎలా?'

జీఎం గారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఈ మొద్దుని ఎవరు చేర్చుకున్నారు సార్? ఏసీ గదిలోంచి లేపి చెరువు గట్టు మీద మేత చల్లడానికి పంపండి. ఇదే నా తీర్పు."

రాజుగారి మొహం ఉడికిన రొయ్యలా ఉంది.

"అమ్మాయ్," అన్నారు మెల్లగా. "ఇవి ఎవరివో నీకు తెలుసా?"

"ఆయ్, తెలుసండి."

"మరి పేరెందుకు వేయలేదు?"

మంగతాయారు ఉద్యోగం ఊడితే ఊడింది అనుకుని చెప్పేసింది.

"పేరు లేకపోతే ఆ మనిషి ప్రాణానికి ఎంత హాయిగా ఉంటుందో తమరికే తెలియాలండి. మిగతా డెబ్బైమందికీ అంతే హాయి కావాలండి."

రాజుగారు తెర వంక చూశారు, మంగతాయారు వంక చూశారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది, ఆ తర్వాత నవ్వు తన్నుకొచ్చింది.

"ఆ పుంజూ నాదే, ఆ గురకా నాదే!" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "ఆ మీట నొక్కకమ్మాయ్. ఎవరి గుర్తులు వాళ్ల దగ్గరే ఉండనీ."

జీఎం గారు గబుక్కున లేచాడు. "సార్... మీవా? నా ఉద్దేశం ఏంటంటే..."

"తీర్పు తీర్పేనండీ వివేకవర్ధన్ గారూ. రేపట్నుంచి నెలరోజులు చెరువు గట్టుకి పోతాను. తోడుగా మీరూ వస్తున్నారు. మేత చల్లడం మీకు రాదుగా, నేను నేర్పుతాను. తెలుగులోనే లెండి!"

పైకప్పు లేచిపోయేలా నవ్వారు అందరూ.

"మంగతాయారూ, జీఎం గారి ఏసీ గది ఎలాగూ ఖాళీ. నీ కంప్యూటర్లన్నీ అందులోకి మార్చేసుకో. ఆయనొచ్చాక కూడా ఖాళీ చెయ్యక్కర్లేదు," అన్నారు రాజుగారు.

వెనక వరుసలో అందరికంటే గట్టిగా నవ్వింది రెహానా.