బొంతన్న చిగుళ్ళు

అనగనగా ఒక అడవిలో బొంతన్న అనే ఎలుగుబంటి పిల్ల ఉండేవాడు. ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ చెప్పినా సర్దుకోండి పిల్లలూ, ఈ మధ్య నాకు మతిమరుపు. బొంతన్నకు పై వరస పన్ను ఒకటి ముందుకు పొడుచుకొచ్చింది. ఏం తిన్నా కింది పెదవికి గుచ్చుకునేది. పెదవి మీద పుండు మానేదే కాదు.

వాళ్ళమ్మ వాణ్ణి పోగులయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. పోగులయ్య గిజిగాడు. గూళ్ళు అల్లే ముక్కుతోనే వంకర పళ్ళకు సన్నటి తీగ కట్టేవాడు.

"ఆరు నెలలకు పన్ను వరసలోకి వస్తుంది," అన్నాడు పోగులయ్య. "తుమ్మజిగురు నమలకు. చెరకు కొరకకు. తిన్నప్పుడల్లా వేపపుల్ల కొసను రాతితో మెత్తగా దంచి, తీగ కిందా మీదా తోము."

కొన్నాళ్ళు బొంతన్న మూడూ పాటించాడు. తర్వాత బద్ధకించి, ఏదో తోమాననిపించేవాడు. ఒకరోజు పుల్లకు రక్తం అంటింది.

చెట్టు మీంచి చిందులు అనే కోతి చూసింది. "రక్తం వస్తుంటే తోముతావేంట్రా? పుండును గీరితే మానుతుందా?"

ఆ మాట బొంతన్నకు తేనెలా అనిపించింది. పుల్ల పారేశాడు.

మొదటి వారం హాయిగా గడిచింది. రెండో వారం తిన్నదల్లా తీగలో ఇరుక్కుంది. మూడో వారం తేనెపట్టు దగ్గర నోరు తెరిస్తే తేనెటీగలన్నీ లేచిపోయాయి.

"చూశావా అమ్మా, నన్ను చూసి హడలిపోయాయి."

"నిన్ను చూసి కాదు నాయనా, నీ నోటి కంపుకు," అంది వాళ్ళమ్మ. నోరు తెరిపించి చూసి, తిన్నగా పోగులయ్య దగ్గరికి లాక్కెళ్ళింది.

"చిగుళ్ళు వాచి తీగ మీదికి ఎక్కేశాయి," అన్నాడు పోగులయ్య. "పదిహేను రోజుల్లో తగ్గకపోతే తీగ విప్పెయ్యాలి. పన్ను మళ్ళీ పెదవి మీదికే వస్తుంది."

"తోమితే రక్తం వస్తోందని మానేశాను మామా," అన్నాడు బొంతన్న.

"సరిగ్గా తోమకే వచ్చిందిరా అది. ఇరుక్కున్న ఎంగిలి చిగుళ్ళను పాడుచేసింది. గట్టిగా రుద్దకు, మెత్తగా తోము. మానడం మాత్రం వద్దు."

మర్నాటి నుంచి బొంతన్న తిన్నప్పుడల్లా తోమాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. రక్తం కనిపించేది. అయినా ఆపలేదు. చిందులు "మొండిఘటం" అని వెక్కిరించినా ఆపలేదు. పది రోజులయ్యేసరికి పుల్లకు రక్తం అంటడం మానేసింది.

పదిహేనో రోజు పోగులయ్య తీగ విప్పలేదు, ఇంకాస్త బిగించాడు. "పాడుచేసుకున్న నెల మాత్రం అదనంగా మొయ్యాలి," అన్నాడు.

ఏడు నెలలకు తీగ ఊడింది. పన్ను వరసలో నిలబడింది. బొంతన్న సంబరంగా చిందులుకు ఒక దోరజామకాయ ఇచ్చాడు. అది కొరకబోయి, చెంప పట్టుకుంది.

"ఏమైందే?"

"నేనూ రక్తం వస్తోందనే తోమడం మానేశాను," అంది చిందులు నెమ్మదిగా. "ఏడాదైంది. రెండు పళ్ళు కదులుతున్నాయి."

బొంతన్న నవ్వలేదు. దాని చెయ్యి పట్టుకుని, "పద, పోగులయ్య మామ ఇంకా గూట్లోనే ఉంటాడు," అన్నాడు.

నీతి: చిగుళ్ళలో రక్తం కనిపిస్తే తోమడం మానకూడదు, మెత్తగా తోముతూ, పళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు చూపించుకోవాలి.

హిమజా, పిల్లలకు చదివి వినిపించే ముందు పేర్లు ఎక్కడైనా తారుమారు చేశానేమో ఒకసారి చూసిపెట్టవే.