ములుకమ్మ తవ్విన వెచ్చని ఇల్లు

అనగనగా ఒక కొండ అడవి ఉండేది. ఎంత ఎత్తున ఉండేదంటే, పిల్లలూ, అక్కడికి ఎండాకాలం కూడా భయపడుతూ వచ్చి తొందరగా వెళ్లిపోయేది. చలికాలం మాత్రం ఐదు నెలలు కదిలేది కాదు. అలాంటి చోట ఇల్లు లేకపోతే ప్రాణం నిలవదు.

ఆ అడవిలో ఇళ్లన్నీ గండయ్య అనే తోడేలువి. రాతి గుహలు ఆయనవి, దేవదారు తోపు ఆయనది. ఇల్లు కావాలంటే రెండు బుట్టల అక్రోట్లు ఇచ్చి కొనుక్కోవాలి. కొన్న ఇంట్లో పొయ్యి వెలగాలంటే కట్టెలు కావాలి. ఆ కట్టెలు గండయ్య తోపులోనే దొరుకుతాయి. అందుకని జంతువులన్నీ ఎండాకాలమంతా ఆయనకు తేనె, ఎండుచేపలు మోసేవి. చలికాలమంతా ఆయన కొలిచి ఇచ్చిన కట్టెలు కాల్చుకుని, ఆ పొగలోనే దగ్గుతూ బతికేవి.

ములుకమ్మ అనే ఏదుపంది కూడా అలాగే బతికింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. కొడుకు చేమడు, కూతురు కందమ్మ. చేమడు పొయ్యి పక్కనే పడుకునేవాడు. పోయిన చలికాలం వాడికి దగ్గు పట్టుకుంది. రోజూ కాస్త కాస్త పెరిగింది. మంచు కరగక ముందే వాడు పోయాడు. గండయ్య వచ్చి పరామర్శించి, పసివాడిది బలహీనమైన ఒళ్లని చెప్పి వెళ్లాడు. ములుకమ్మ నమ్మింది.

మళ్లీ ఆకులు రాలే రోజులు వచ్చాయి. ఈసారి కందమ్మ దగ్గడం మొదలుపెట్టింది. ఇప్పుడు ములుకమ్మకు పొగ మీద అనుమానం వచ్చింది. ఉన్న గుహ వదిలేసి వేరే ఇల్లు కొందామని, అక్రోట్లు మోసుకుని గండయ్య దగ్గరికి వెళ్లింది.

గండయ్య మొదటి ఇల్లు చూపించాడు. మధ్యలో పెద్ద పొయ్యి ఉంది. పొగ ఎటు పోతుందని ములుకమ్మ అడిగింది. ఎటూ పోదని, నెల రోజుల్లో అలవాటైపోతుందని ఆయన చెప్పాడు.

రెండో ఇల్లు చూపించాడు. అందులో రెండు పొయ్యిలున్నాయి. గోడలు మసితో నల్లగా ఉన్నాయి. పొగ ఎటు పోతుందని ఆమె మళ్లీ అడిగింది. పొగ ఉంటేనే పురుగూ పుట్రా రావని, అది మంచిదేనని ఆయన అన్నాడు.

మూడో ఇంట్లో మూడు పొయ్యిలున్నాయి. అడుగు పెట్టగానే కందమ్మకు దగ్గు తెర వచ్చింది. ములుకమ్మ మూడోసారి అదే మాట అడిగింది. గండయ్యకు విసుగొచ్చింది.

"పొగ లేకుండా వెచ్చదనం ఎక్కడా ఉండదు, ములుకమ్మా. నీ కొడుకు పోయింది పొగకు కాదు, నీ పెంపకానికి" అన్నాడు.

ములుకమ్మ ఒంటిమీద ముళ్లన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. ఒక్క అడుగు ముందుకు వేస్తే గండయ్య మూతి నిండా ముళ్లే. కానీ పక్కన కూతురు ఉంది. ఆమె అక్రోట్ల బుట్టలు మళ్లీ భుజానికెత్తుకుంది. ఈ తోడేలు దగ్గర ఇల్లు కొనేది లేదని ఆ గుమ్మంలోనే నిశ్చయించుకుంది.

బయటికైతే వచ్చింది. ఎక్కడికి వెళ్లాలో మాత్రం తెలియలేదు. కోపంతో కళ్లు కనపడక, కూతుర్ని వెంటబెట్టుకుని కొండ దిగుతూనే ఉంది. దిగగా దిగగా ఊట దగ్గర ఒక చోట ఆగింది. చుట్టూ నేల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఒక బొరియ చుట్టూ మాత్రం పచ్చగడ్డి తడితడిగా మెరుస్తోంది. పైన పొగ జాడ లేదు. అది పందికొక్కు ఈరన్న సొంతంగా తవ్వుకున్న ఇల్లు.

ఈరన్న వాళ్లను లోపలికి పిలిచాడు. లోపల పొయ్యి లేదు. అయినా వెచ్చగా ఉంది. ఈరన్న పిల్లలు నలుగురు పొర్లాడి ఆడుకుంటున్నారు, ఒక్కరికీ దగ్గు లేదు. ఈ వేడి ఎక్కడిదని ములుకమ్మ అడిగింది.

"చలికాలం పొద్దున్నే ఊటనీళ్లు ఎలా ఉంటాయి వదినా?" అన్నాడు ఈరన్న.

"గోరువెచ్చగా ఉంటాయి."

"మరి వాటి కింద పొయ్యి ఎవరు వెలిగించారు?"

అప్పుడు ఈరన్న ఇంటి మూల నుంచి కిందికి పోయే సొరంగం చూపించాడు. అది పది బారల లోతు. పైన మంచు కురుస్తున్నా నేల కడుపులో వెచ్చదనం చెక్కుచెదరదు. సొరంగం మూతి దగ్గర, కమ్మరి కొలిమి దగ్గర ఉండేటువంటి తోలుతిత్తి ఉంది. దాన్ని కాలితో తొక్కితే కిందున్న వెచ్చని గాలి ఇంట్లోకి వస్తుంది, ఇంట్లోని చల్లగాలి కిందికి పోతుంది. తను వేడిని పుట్టించడం లేదని, ఉన్నచోటు నుంచి లాక్కొస్తున్నానని అతను చెప్పాడు. తవ్వడం మాత్రం మహా కష్టమనీ, గోడల పగుళ్లన్నీ గడ్డీ బురదా కలిపి మూయాలనీ, లేకపోతే తెచ్చిన వెచ్చదనం నిలవదనీ దాచకుండా చెప్పాడు.

ములుకమ్మకు ఒళ్లు మండింది. ఇంత తెలిసినవాడివి ఇన్నేళ్లూ నోరెందుకు మూసుకున్నావని గట్టిగానే అడిగింది.

ఈరన్న తల దించుకున్నాడు. "చెప్పాను వదినా. రెండేళ్ల కిందట అందరూ కూడినప్పుడు చెప్పాను. పందికొక్కు కూడా ఇల్లు కట్టడం నేర్పుతుందట అని గండయ్య నవ్వాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు."

ములుకమ్మకు గుర్తొచ్చింది. నిజమే, తనూ నవ్వింది. అప్పటికి చేమడు ఇంకా పుట్టలేదు. ఆ రోజు నవ్వకుండా విని ఉంటే? ఆ ఆలోచన ఆమెను తోడేలు మాటకన్నా ఎక్కువ బాధించింది. అప్పటిదాకా గండయ్య మీదే ఉన్న కోపం సగం తన మీదికే తిరిగింది. ఆ అక్రోట్ల బుట్టలు ఈరన్న ముందు పెట్టి, తవ్వడం నేర్పమంది.

ఊట పక్కనే నలభై రోజులు తవ్వింది. గోళ్లు అరిగాయి, పాదాలు పగిలాయి. రాయి అడ్డొస్తే పక్కనుంచి తవ్వింది. గండయ్య ఊరుకున్నాడా? ఊరుకోలేదు. అసలైన చలి వస్తే నేల కూడా గడ్డకడుతుందని, తల్లీపిల్లా ఆ గోతిలోనే బిగుసుకుపోతారని అడవంతా చెప్పుకొచ్చాడు. కొత్తగా పెళ్లయిన కుందేళ్ల జంట ములుకమ్మ పక్కన ఇల్లు కట్టుకుందామని అనుకుని, ఆ మాట విని భయపడింది. వెళ్లి గండయ్య దగ్గర మూడు పొయ్యిల ఇల్లు కొనుక్కుంది.

ములుకమ్మ ఇల్లు పూర్తయ్యేసరికి అసలైన చలి రానే వచ్చింది. మొదటి రోజు ఊట అంచులు గడ్డకట్టాయి. రెండో రోజు చెట్ల కొమ్మలు ఫెళఫెళ విరిగాయి. మూడో రోజుకి అందరి ఇళ్లలో కట్టెలు అయిపోయాయి. మిగిలిన పచ్చికట్టెలు వేస్తే మంట రాలేదు, పొగే వచ్చింది. జంతువులు ఊపిరాడక మంచులోకి పరుగెత్తాయి. మంచులో నిలవలేక మళ్లీ పొగలోకి పరుగెత్తాయి.

ఆ కొత్త జంటలోని కుందేలు దూదమ్మ కట్టెల కోసం గండయ్య గుహకే వెళ్లింది. ఎంత పిలిచినా ఆయన పలకలేదు. చలికి ఆగలేక లోపలికి తోసుకుని వెళ్లింది. చూసింది చూసినట్టు వెనక్కి తిరిగి, తిన్నగా ములుకమ్మ ఇంటికి వచ్చిపడింది.

"అత్తా, గండయ్య గుహలో పొయ్యి లేదు. గోడ మీద మసి లేదు. మూలన సొరంగం ఉంది, తిత్తి ఉంది. ఆయన దాని పక్కన హాయిగా నిద్రపోతున్నాడు" అంది.

ములుకమ్మ తిత్తిని దూదమ్మకు అప్పగించింది. బయటికి వెళ్లి అందర్నీ పిలిచింది. ఆమె ఇల్లూ ఈరన్న ఇల్లూ కిక్కిరిసిపోయాయి. వంతులేసుకుని తిత్తి తొక్కారు. మంట పక్కన కూర్చున్నట్టు ఒళ్లు కాలలేదు కానీ, ఒక్కరూ చావలేదు, కందమ్మతో సహా ఒక్కరూ దగ్గలేదు. దూదమ్మ తను చూసింది అందరికీ చెప్పింది.

మంచు కరిగాక గండయ్య అందర్నీ ఒకచోట చేర్చాడు. తేనె పూసినట్టు మాట్లాడాడు. ఇక మీదట తిత్తి ఇళ్లు తానే కట్టిస్తానని, జరిగిందేదో జరిగింది, మరిచిపోదామని అన్నాడు. కొందరు తలలు ఊపబోయారు.

ములుకమ్మ లేచి నిలబడింది. ఆమె ముళ్లు కూడా లేచి నిలబడ్డాయి.

"తెలియక చేసినవాడైతే మరిచిపోదును. నువ్వు వెచ్చగా పడుకుని మా పిల్లలకు పొగ అమ్మావు. నీ ఇల్లూ మాకొద్దు, నీ కట్టెలూ వద్దు. ఈ అడవిలో ఇక ఎవరూ నీకు తేనె మొయ్యరు" అంది.

ఎవరూ కేకలు వేయలేదు. ఒకరి వెనక ఒకరు లేచి ములుకమ్మ వెంట నడిచారు. మోసిపెట్టేవాళ్లు లేక, వేటాడే అలవాటు ఎప్పుడో పోయి, గండయ్య నెల తిరక్కుండానే కొండ దాటి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఎవరూ చూడలేదు.

ఆ ఎండాకాలం ఇల్లు కావాలన్నవాళ్లందరూ ఈరన్న దగ్గరికి వచ్చారు. అందరికీ తవ్విపెట్టడానికి అతని వెంట ములుకమ్మ వెళ్లింది. దూదమ్మ ఇంటి సొరంగం తవ్వుతున్న రోజున, గండయ్య వెళ్లిపోయాడు కదా, ఇంకా కోపం తగ్గలేదా అత్తా అని దూదమ్మ అడిగింది.

"తగ్గలేదు. మట్టి పైకి లాగు" అంది ములుకమ్మ, ఇంకో బార లోతుకు దిగుతూ.

నీతి: బాధను భరించక తప్పదని నీకు చెప్పేవాడు తనూ భరిస్తున్నాడో లేదో చూడు, నిజం చెప్పేవాడు చిన్నవాడని నవ్వకు.