బొమ్మ అంచున ఇల్లు

ఆ నగరంలో ఒక ఆఫీసు ఉంది. అందులో బొమ్మల అంచులు కత్తిరించే మనిషి ఒకడు ఉండేవాడు. అందరూ అతన్ని అంచులాయన అనేవారు.

ఆకాశం నుంచి తీసిన ఫొటోలు అతని కంప్యూటర్‌కి వచ్చేవి. ఊళ్ళు, చెరువులు, రోడ్లు, డాబాల మీద ఆరేసిన బట్టలు, అన్నీ వాటిలో కలిసిపోయి ఉండేవి. రోడ్డో కాలవో కట్టడానికి గీసిన డ్రాయింగ్ కింద అతను ఆ ఫొటోని పరిచేవాడు. పని జరగాల్సిన చోటు చుట్టూ గీతతో కంచె గీసేవాడు. మీట నొక్కగానే కంచె బయట ఉన్నదంతా మాయమై తెల్లగా మిగిలేది. కంచె లోపల అక్కర్లేనిది ఏదైనా ఉంటే దాని మీద తెల్లటి ముసుగు కప్పేవాడు.

అలా తీసేసింది నిజానికి ఎక్కడికీ పోదు. ఫొటో మొత్తం అక్కడే ఉంటుంది. చూసేవాళ్ళకి కనపడదు, అంతే. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. దాని గురించి ఆలోచించినవాళ్ళు మాత్రం లేరు.

"కావలసినంత ఉంచు. మిగతాది మనకెందుకు?" అనేవారు పెద్దసారు.

అంచులాయనకి ఆ పని బాగా పట్టుబడింది. ఎంత బాగా పట్టుబడిందంటే, ఇంటికి వెళ్ళాక కూడా అదే చేసేవాడు. పక్కింటి తలుపు చప్పుడైతే, వాళ్ళు మెట్లు దిగి వెళ్ళేదాకా ఆగి తన తలుపు తీసేవాడు. పెళ్ళి పిలుపు వస్తే వీలుపడదని చెప్పేవాడు. కొన్నాళ్ళకి పిలుపులు రావడం మానేశాయి. అందుకు అతను బాధపడలేదు. ఒక్కడే వండుకుని, గోడవైపు తిరిగి తినేవాడు. గోడవైపు ఎందుకంటే కిటికీ వైపు కూర్చుంటే ఎదురింటివాళ్ళు కలిసి తినడం కనిపించేది.

ఒకసారి సముద్రం పక్క నుంచి వేయబోయే రోడ్డు కోసం ఫొటో వచ్చింది. తీరం వెంట ఎండిపోయిన ఉప్పుమళ్ళు పగిలిన అద్దం ముక్కల్లా పడి ఉన్నాయి. వాటి చివర ఒకే ఒక్క ఇల్లు ఉంది. కప్పు మీద నీలం రంగు టార్పాలిన్ పరిచి ఉంది. అతను గీసిన కంచె సరిగ్గా ఆ కప్పు మధ్య నుంచి పోయింది. సగం ఇల్లు లోపల, సగం బయట.

పెద్దసారు చూసి మొహం చిట్లించారు.

"సగం ఇల్లేంటయ్యా, చూడ్డానికి బాగాలేదు. కంచె కొంచెం లోపలికి లాగు."

లాగాడు. మిగిలిన సగం కప్పు కూడా తెలుపులో కలిసిపోయింది. డ్రాయింగ్ శుభ్రంగా కనిపించింది.

కానీ ఆ రోజు అన్నం తింటుంటే అతనికి గోడ మీద కూడా నీలంగా ఏదో ఉన్నట్టు అనిపించింది. ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారా, లేక ఖాళీదా? ఇంతవరకూ ఏ ఇంటి గురించీ అతనికి ఆ ప్రశ్న రాలేదు. ఆదివారం బస్సెక్కి ఆఖరి స్టాపులో దిగి, ఉప్పుమళ్ళ గట్ల మీద నడుచుకుంటూ వెళ్ళాడు.

ఇంటి ముందు ఒక ముసలామె కూర్చుని ఎండుచేపలకి పట్టిన ఇసుక దులుపుతోంది. అతన్ని చూసి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"దారి తప్పీసినావా బాబూ?"

"లేదమ్మా. ఈ ఇల్లు చూడటానికే వచ్చాను."

"ఈ ఇల్లా? దీన్లో సూడ్డానికేటుంది?" అంది. అంటూనే లేచి, పీట తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

ఆమె పేరు నూకాలు. ఒకప్పుడు అక్కడ ఉప్పు పండించే ఇళ్ళు చాలా ఉండేవి. ఉప్పు కొనేవాళ్ళు రావడం మానేశాక ఒక్కొక్కరే సామాను సర్దుకున్నారు. ఆమె భర్త వెళ్దామనలేదు, ఉందామనీ అనలేదు. ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. ఆమె ఉండిపోయింది.

"అందరూ ఎలిపోనారు. ఆకరికి కాకులు కూడా ఎలిపోనాయి. తినడానికేటీ లేదు కదా ఇక్కడ" అంది నూకాలు. "నాను బిగ్గరగా మాటాడతాను బాబూ, ఏటీ అనుకోకు. గాలికి ఇనపడాల గదా, అలవాటైపోనాది."

అంబలి పోసి ఇచ్చింది. చేప కాల్చి పెట్టింది. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, అతని నోటినే చూస్తూ ఉంది. అతనికి సిగ్గేసింది. గోడవైపు తిరుగుదామంటే అక్కడ గోడ లేదు, సముద్రం ఉంది.

తను చేసే పని గురించి చెప్పాడు. ఆకాశం నుంచి ఫొటో తీశారని, అందులో ఈ తీరమంతా వచ్చిందని చెప్పాడు.

"మా ఇల్లుందేటి దాన్లో?"

"ఉంది."

"సూసినవాళ్ళకి కనపడతాదా?"

అతను గిన్నె కింద పెట్టాడు. "కనపడదమ్మా. అంచు అవతల ఉండిపోయింది."

"అయితే ఉన్నట్టా, లేనట్టా?"

నూకాలు లేచింది. గిన్నె తీసుకెళ్ళి కడిగింది. అతను వెళ్ళేటప్పుడు గట్టు చివరిదాకా వెంట వచ్చి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే అతను కంచెని బయటికి జరిపాడు. నీలం కప్పు, దాని ముందు వాకిలి, వాకిట్లో ఎండుచేపల చాప, అన్నీ తిరిగి వచ్చాయి. ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసిన మొదటి పని అది. ఆ ఇల్లు కనపడితే ఎవరో ఒకరు అక్కడికి నీళ్ళ గొట్టం వేస్తారని, కరెంటు స్తంభం పాతుతారని అనుకున్నాడు.

పెద్దసారు చూశారు. "కాస్త ఎక్కువే ఉంచావే" అన్నారు. ఒక్క నిమిషం ఆలోచించి, "పోనీలే, ఇదీ మంచిదే. చోటు దొరికింది కాబట్టి రోడ్డు వంపు తీసేయొచ్చు" అన్నారు.

రోడ్డు గీసేవాళ్ళు వంపు తీసేశారు. కొన్ని వారాల తర్వాత డ్రాయింగ్ తిరిగి అతని దగ్గరికి వచ్చింది. రోడ్డుని చూపే ఎర్రగీత తిన్నగా వచ్చి నీలం కప్పు మీద నుంచి పోయింది.

తను చెయ్యి పట్టి లోపలికి తెచ్చిన ఇంటినే రోడ్డుకి అప్పగించాడు. పెద్దసారు సంతకం ఇంకా పడలేదు. ఇప్పుడు కంచె వెనక్కి లాగితే రోడ్డు మళ్ళీ వంగుతుంది. ఇల్లు మళ్ళీ తెలుపులోకి పోతుంది. అతని వేలు మీట దాకా వెళ్ళి ఆగింది. ఈసారి ఆమెని అడగకుండా ఏదీ చేయకూడదనుకున్నాడు. సెలవు పెట్టి బస్సెక్కాడు.

నూకాలు గట్టు మీదే ఎదురొచ్చింది. అతను జరిగింది దాచకుండా చెప్పాడు.

"తప్పు నాదే అమ్మా. కానీ ఇప్పటికీ దాచేయగలను. నువ్వు ఊఁ అంటే రేపే దాచేస్తాను. ఎవరికీ తెలియదు."

ఆమె ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. భర్త మెత్తిన మట్టిగోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

"దాచేస్తే ఎవరొస్తారు?"

"ఎవరూ రారు."

"ఎప్పుడూ రారా?"

"రారు."

"దాచకపోతే?"

"ముందు కొలిచేవాళ్ళు వస్తారు. తర్వాత నీతో మాట్లాడేవాళ్ళు వస్తారు. నీకు ఊళ్ళో చోటు చూపిస్తారు. ఆ తర్వాత మిషను వస్తుంది."

నూకాలు గోడ మీద నుంచి చెయ్యి తీసింది.

"ఉంచీ బాబూ" అంది. "కూల్చడానికైనా మనుషులొస్తారు గదా."

"ఆలోచించుకో అమ్మా. మళ్ళీ కట్టుకోలేవు."

"ఆలోసించడం తప్ప ఇన్నాళ్ళూ నాను సేసిందేటి? ఇంక సాలు."

మనుషులు వచ్చారు. కొలిచేవాళ్ళకి ఆమె కుండలో చల్లటి నీళ్ళు ఇచ్చింది. ఒకతను బూట్లతో గడప తొక్కితే గట్టిగా తిట్టింది. అతను నొచ్చుకుని క్షమించమన్నాడు. ఆ మాటకి ఆమె మొహం వెలిగిపోయింది. మాట్లాడేవాళ్ళు వచ్చినప్పుడు, అడిగినదానికే కాక అడగనివాటికి కూడా జవాబులు చెప్పింది. వాళ్ళు చీకటి పడుతోందని లేవబోతే, పనస చెక్కతో చేసిన పాత పెట్టె తెరిచి, ఇంకేవేవో చూపించి కూర్చోబెట్టింది.

మిషను వచ్చిన రోజు అంచులాయన కూడా వెళ్ళాడు. మట్టిగోడ పడినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. నూకాలు మాత్రం నేల మీద కూలబడి, భర్త చనిపోయిన రోజు ఏడ్చినంత ఏడ్చింది. మిషను నడిపేవాడు ఇంజను ఆపేసి, కిందికి దిగి, ఆమె ఏడుపు అయ్యేదాకా ఎండలో నిలబడ్డాడు. అంచులాయన దూరంగా గట్టు మీద ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాలనుకున్నాడు. దగ్గరికి వెళ్ళి ఏం చేస్తారో అతనికి తెలియలేదు.

తర్వాత అతను చాలాకాలం ఆమెని చూడలేదు. రోడ్డు పూర్తయింది. కొత్త ఫొటో వచ్చింది. పెద్దసారు ఎప్పటిలాగే "కావలసినంత ఉంచు" అని చెప్పి వెళ్ళారు. అతను కంచె గీయబోయాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎక్కడ గీత పెట్టినా దాని అవతల ఎవరో బిగ్గరగా మాట్లాడుతున్నట్టే ఉంది. కంప్యూటర్ ఆపకుండానే లేచి బయటికి వచ్చేశాడు.

నూకాలుకి చోటిచ్చిన కాలనీ ఊరి చివర కొండ కింద ఉంది. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు ఉన్నాయి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో బారుగా నిలబడ్డారు. బారు మధ్యలో నూకాలు, తన బిందె జరిపిందని పక్కావిడతో తగువులాడుతోంది. గొంతు ఇంకా అంత పెద్దదే. ఇక్కడ ఆ గొంతుకి సమానమైన గొంతులు ఉన్నాయి.

"ఉప్పుమళ్ళ గాలి గుర్తొస్తాది బాబూ, ఇక్కడ రేత్రుళ్ళు ఉక్కపోసి నిద్రరాదు" అంది అతన్ని చూడగానే, నిన్న విడిచిన మాట అందుకున్నట్టు. "ఈ నీళ్ళూ బాగోవు. ఈవిడున్నాదే, ఈవిడ మరీ బాగోదు."

బాగోదన్న ఆవిడ నవ్వింది. "ఎవలే ఈ బాబు?"

"నన్ను బొమ్మలో పెట్టినోడు."

"ఓహో" అంది ఆవిడ. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. మాసిన కాలరు, వంకరగా కుట్టుకున్న గుండీ చూసింది. "మరి నిన్నెవరు పెడతారు బాబూ?"

బారులో నవ్వులు లేచాయి. అతనికి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. గుండీ మీద చెయ్యి కప్పుకున్నాడు.

నూకాలు అతని మొహం చూసి తగువు ఆపింది.

"అవునొరే, ఇన్నాళ్ళూ అడగనే లేదు. నీ పేరేటి?"

ఆ పేరు ఆఖరిసారి ఎవరు పిలిచారో అతనికి గుర్తు రాలేదు. చెప్పేటప్పుడు కొంచెం తడబడ్డాడు.

"తవిటయ్య."

"తవిటయ్యా! ఈ రెండో బిందె పట్టుకుని నా ఎనకాల నిలబడు. వదిలీకు, దూరిపోతారు."

అతను బిందె అందుకుని ఆమె వెనక నిలబడ్డాడు. రెండు పక్కలా భుజాలు తగులుతున్నాయి. ఎండ మాడుస్తోంది. కొళాయి సన్నగా కారుతోంది.

"ముందుకి జరగవయ్యా, తవిటయ్యా" అంది వెనక నుంచి ఎవరో.

అతను జరిగాడు.