ఈశ్వరి స్పీకర్లు

శ్రీకర్‌కి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. నిజం చెప్పాలి. చెప్పవలసింది ఈశ్వరికి.

ఇద్దరూ విజయనగరంలో జోగారావు మాస్టారి దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్ళే. శ్రీకర్ పాడటంలో కన్నా వినడంలో పైకొచ్చాడు. మామూలు సంసారులు కొనుక్కోగల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే పుస్తకాల అలమరలో ఇమిడిపోయే చిన్న స్పీకర్ల జతలు తెప్పించుకుని, విని, ఏది మంచిదో వీడియోల్లో చెబుతాడు. అతనివి పాముచెవులని పేరు. అతను బాగుందంటే జనం కొంటారు. పెదవి విరిచాడా, ఆ పెట్టెలు దుకాణంలోనే దుమ్ము పట్టిపోతాయి.

ఈశ్వరి తండ్రి వడ్రంగి. ఆయన పోయాక ఆ వడ్రంగి కొట్లోనే, ఆయన పనిముట్లతోనే, స్పీకర్లు చెయ్యడం మొదలుపెట్టింది. మొదట చేసినవి ఆమెకే నచ్చక పగలగొట్టింది. చివరికి ఒక జత కుదిరింది. విశాఖపట్నంలో ఒక దుకాణం ఆయన వాటిని తిప్పి తిప్పి చూసి, "శ్రీకర్ గారు మంచివంటే నువ్వు చేసినవన్నీ నేనే తీసుకుంటానమ్మా. ఆయన కాదంటే మాత్రం నన్నడక్కు" అన్నాడు. ఆయన తీసుకోకపోతే కొట్టు మూసేసి బట్టల షాపులో పనికి కుదరడమే ఈశ్వరికి మిగిలింది.

ఆ జతని శ్రీకర్ విన్నాడు. అతనికి బొత్తిగా నచ్చలేదు.

నిజం చెబితే నిష్ఠూరం. చెప్పకపోతే తనను నమ్మినవాళ్ళకి ద్రోహం. రెండు రోజులు తిండి సయించక, మాస్టారింటికి వచ్చి కూర్చున్నాడు.

"మాస్టారూ, నిజం ఎంత మెత్తగా చెప్పాలి?"

మాస్టారు అడకత్తెరతో వక్క కత్తిరిస్తున్నారు. "ఏ నిజం?"

"ఈశ్వరి స్పీకర్ల గురించండీ. మొన్న మీ మోహనరాగం ఆలాపన రికార్డు చేశాం కదా, అదే పెట్టి విన్నాను. నేను మెచ్చుకున్న కంపెనీ జతలో మీ గొంతు తేనెలా ఉంది. అదే ఆలాపన ఈశ్వరి జతలో పెడితే బరబరమంటోంది. పై షడ్జం దగ్గర చీలుతోంది. ఊపిరి ఎక్కడ తీశారో కూడా వినబడుతోంది. మీ గొంతునే పాడుచేసిన పెట్టెల్ని మంచివని ఎలా చెప్పమంటారు?"

"నా గొంతు అలా ఉండదంటావు."

"అదేం మాట మాస్టారూ! చెక్కుచెదరలేదు. అందుకే కదా, వచ్చే నెల సభలో మీరు పాడి తీరాలని నేను పట్టుపట్టింది."

ఈ చెక్కుచెదరలేదన్న మాట శ్రీకర్‌కి కొత్త కాదు. ఆ ఇంట్లో పాఠం అయ్యాక కాఫీ వస్తుంది, కాఫీ వెనకాలే శ్రీకర్ నోట ఈ మాట వస్తుంది. మాస్టారు రెండూ పుచ్చుకుంటారు.

ఆయన అడకత్తెర పక్కన పెట్టారు.

"రేపు పొద్దున్న రెండు జతలూ ఇక్కడే విందాం. ఈశ్వరిని నేను రమ్మంటాను. కానీ నువ్వు చూడకూడదు. విని, ఏది ఏదో నువ్వే చెప్పాలి."

శ్రీకర్‌కి నవ్వొచ్చింది. అతనికి అది చంటిపిల్లల ఆట.

మర్నాడు శ్రీకర్ వచ్చేసరికి, నడవకీ లోపలిగదికీ మధ్య గుమ్మానికి మాస్టారి పంచె ఒకటి తెరలా కట్టి ఉంది. కంపెనీ జత లోపల పెట్టేశాడు. కాసేపటికి ఈశ్వరి తన స్పీకర్లని పాత చీరలో మూటకట్టి, రెండు చేతులా మోసుకుంటూ వచ్చింది.

"ఉన్నదున్నట్టు చెప్పెయ్ అన్నయ్యా. నానేటీ అనుకోను," అంది. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చూడలేదు.

ఆమె తెర వెనక్కి వెళ్ళింది. "మీటలు నొక్కడానికి ఒకరుండాలి గదా," అంటూ మాస్టారూ వెళ్ళారు.

శ్రీకర్ నడవలో చాప మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ముందు తంబురా వినిపించింది, దాని మీద మోహన. రెండు సంగతులు పడ్డాయో లేదో, "ఇది కంపెనీ జత," అన్నాడు. "నున్నగా ఉంది. ఎక్కడా గరుకు లేదు. మా మాస్టారి గొంతంటే ఇదీ."

పాట ఆగింది. కాసేపు ఏదో జరిపిన చప్పుడు. మళ్ళీ తంబురా, మళ్ళీ మోహన.

శ్రీకర్ మొహం చిట్లించాడు.

"ఇది ఈశ్వరిది. చూశారా మాస్టారూ, అదే బరబర. మంద్రంలో గాలి తప్ప గొంతు లేదు. పైకి వెళ్తుంటే ఎవరో ముసలాయన ఆయాసపడుతూ మెట్లెక్కుతున్నట్టుంది. ఈశ్వరీ, ఏమీ అనుకోకమ్మా. ఇది నలుగురి ముందూ పెట్టే సరుకు కాదు."

ఆలాపన ఆగలేదు. పై షడ్జం అందుకోబోయింది, అందలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి చీలి, దగ్గులోకి దిగింది.

"దగ్గు కూడా ఎంత మోటుగా వినిపిస్తోందో చూడండి," అన్నాడు శ్రీకర్.

అప్పుడు ఆ గొంతే అంది: "ఈశ్వరీ, కాసిని మంచినీళ్ళియ్యమ్మా."

శ్రీకర్ కళ్ళు తెరిచాడు. ఆ రికార్డు అతను ఎన్నిసార్లు విన్నాడో అతనికే తెలీదు. అందులో దగ్గు లేదు. మంచినీళ్ళు లేవు.

లేచి పంచె పట్టి లాగాడు. అది ఊడి చేతికొచ్చింది.

లోపల మాస్టారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పక్కన ఈశ్వరి, ఒళ్ళో తంబురా. మొదట మోగిన కంపెనీ జత గోడవైపు తిరిగి ఉంది, వైర్లు ఊడదీసి ఉన్నాయి. ఈశ్వరి స్పీకర్లు మూలన పాత చీర మూటలో ఉన్నాయి. మూటకి వేసిన ముడి కూడా విప్పలేదు.

శ్రీకర్ పంచె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని విన్న గొంతు అది. ఆ గొంతులోనే అతనికి సరిగమలు వచ్చాయి. తను ఇందాక అన్న ముసలాయన మాట ఇప్పుడు తన చెవుల్లోనే మోగుతుంటే, ఆ చెవులు తనవి కాకపోతే బాగుండుననిపించింది.

ఈశ్వరి కూడా బిత్తరపోయి ఉంది. "నాకేటీ తెలీదన్నయ్యా," అంది. "మాస్టారు తంబురా మీటమన్నారు, మీటాను. నువ్వు అవన్నీ అంటూంటే ఆపబోయాను. వద్దని సైగ చేశారు."

మాస్టారు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. ఆయన మొహంలో కోపం లేదు. కోపం ఉంటే శ్రీకర్‌కి కాస్త ఊపిరాడేది.

"విన్నావా ఈశ్వరీ?" అన్నారాయన. "నేను పాడుతుంటే, అది నీ పెట్టె అన్నాడు."

ఈశ్వరికి వెంటనే అర్థం కాలేదు. మాస్టారి వంక చూసింది. మూల ఉన్న మూట వంక చూసింది. తరవాత చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

శ్రీకర్ జేబులోంచి ఫోన్ తీశాడు. మొదటిసారి వేరే ఎవరికో వెళ్ళింది. రెండోసారికి విశాఖపట్నం దుకాణం ఆయన పలికాడు.

"ఈశ్వరి స్పీకర్లు తీసుకోండి," అన్నాడు.

ఆయన ఏదో అడుగుతున్నాడు. ఎలా ఉన్నాయని కాబోలు. "తీసుకోండి," అని మళ్ళీ అని ఫోన్ పెట్టేశాడు. వచ్చి మాస్టారి కాళ్ళ మీద పడబోయాడు. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"అది తరవాత. నిజం ఎంత మెత్తగా చెప్పాలని కదూ నన్నడిగావు?"

శ్రీకర్ తలూపాడు.

"ఇందాక నువ్వన్న దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. మెట్లెక్కే ముసలాయనతో సహా. ఇన్నాళ్ళూ కాఫీతో పాటు ఈ నిజం ఎందుకు రాలేదా అనుకునేవాణ్ణి."

మాస్టారు అతని చేతిలోంచి పంచె తీసుకుని, తీరిగ్గా మడతపెట్టి, పక్కన పెట్టుకున్నారు.

"సభ వాళ్ళు నా జవాబు కోసం సాయంత్రం వస్తామన్నారు. ఇప్పుడు తెర లేదు. నా మొహం చూసి చెప్పు. పాడనా, మాననా?"